గ్రీన్ పార్టీలకు ఓట్లొచ్చినా సీట్లెందుకు రావు?

విజయవాడ

చిరంజీవులకు ఆశీస్సులు.

బుడమేరు వరద వచ్చి వెళ్లాక మీరంతా ఒకటే అడుగుతున్నారు: చెరువులూ కాలువలూ కాపాడతామనే పార్టీ పెడితే జనం ఓట్లేయరా అని. వేస్తారు. కానీ ఆ ఓట్లు సీట్లవుతాయా, సీట్లొచ్చాక పెద్ద పార్టీతో ఏ షరతు మీద కలుస్తారు అన్నదే అసలు సంగతి. వేరే దేశాల్లో పర్యావరణం కోసం పుట్టిన గ్రీన్ పార్టీలు లేచినా పడినా ఈ రెండింటి దగ్గరే.

బ్రిటన్‌లో మన పద్ధతే, ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాళ్లదే సీటు. 2015లో అక్కడి గ్రీన్స్‌కు 11 లక్షలకు పైగా ఓట్లొస్తే దక్కింది బ్రైటన్‌లో ఒక్క సీటు. అదే ఎన్నికల్లో స్కాటిష్ నేషనల్ పార్టీ సుమారు 14.5 లక్షల ఓట్లతో 56 సీట్లు గెలిచింది. వీళ్ల ఓట్లు దేశమంతా చెల్లాచెదురు, వాళ్లవి ఒక్క స్కాట్లాండ్‌లోనే. 2024లో గ్రీన్స్ నాలుగు సీట్ల మీదే గట్టిగా పనిచేసి నాలుగూ గెలిచారు.

జర్మనీలో ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు, కాకపోతే 5 శాతం దాటాలి. 1983లో 5.6 శాతంతో గ్రీన్స్ మొదటిసారి పార్లమెంటులో అడుగుపెట్టారు. 1990లో పశ్చిమ భాగంలో 4.8 శాతం దగ్గర ఆగిపోయి అక్కడ ఒక్క సీటూ లేకుండా పోయారు. తూర్పున విడిగా నిలబడ్డ మిత్రులకు మాత్రం 8 సీట్లు వచ్చాయి. ఆ దెబ్బతో 1993లో రెండూ కలిసిపోయాయి.

మన దగ్గర శాతాల ఊసే లేదు. చెల్లిన ఓట్లలో ఆరోవంతు దాటకపోతే డిపాజిట్ కూడా గల్లంతు. అయినా చిన్న పార్టీకి బేరమాడే బలం ఉంటుంది. 2019లో విజయవాడ సెంట్రల్‌లో మెజారిటీ 25 ఓట్లు! అలాంటి చోట రెండు మూడు వందల ఓట్లు తెచ్చుకునేవాడు తాను గెలవలేడు గానీ ఇంకొకరిని ఓడించగలడు. అందుకే పెద్దవాళ్లు సర్దుబాటుకు దిగొస్తారు. జనసేన గ్రీన్ పార్టీ కాదు, లెక్క మాత్రం అదే: 2019లో చాలాచోట్ల నిలబడి గెలిచింది ఒక్కటి, 2024 పొత్తులో 21 అసెంబ్లీ సీట్లకే నిలబడి 21 గెలిచింది. సీట్లు వదులుకుంటే టికెట్ మీద ఆశ పెట్టుకున్న కార్యకర్తలు అలుగుతారు, అది వేరే తలనొప్పి.

ఇక గెలిచాక వచ్చే చిక్కు. ఐర్లాండ్ గ్రీన్స్ 2007లో 6 సీట్లతో అక్కడి పెద్ద పార్టీ ఫియనా ఫాల్ ప్రభుత్వంలో చేరారు. మరుసటి ఏడే బ్యాంకులు కుప్పకూలాయి. 2011లో ఆరూ పోయాయి. ఓట్లు 2 శాతం లోపుకు పడిపోవడంతో పార్టీకి వచ్చే ప్రభుత్వ నిధులూ ఆగాయి. 2020లో 12 సీట్లతో మళ్లీ చేరారు. ఈసారి 2030 నాటికి కాలుష్య వాయువులను 51 శాతం తగ్గించాలన్న చట్టం తెచ్చారు, బస్సు, రైలు ఛార్జీలూ తగ్గాయి. 2024లో మిగిలింది ఒక్క సీటు. మంచి జరిగితే పేరు ప్రధానమంత్రికి, ధరలు పెరిగితే తిట్లు అందరికీ.

న్యూజిలాండ్ వాళ్లు ఇంకో దారి పట్టారు. 2017లో 8 సీట్లతో మంత్రివర్గంలోకి వెళ్లకుండానే ప్రభుత్వాన్ని నిలబెట్టారు. బడ్జెట్‌కూ విశ్వాస పరీక్షకూ ఓటేస్తాం, మిగతావి మా ఇష్టం అని రాసుకున్నారు. బదులుగా, కేబినెట్ బయటే ఉండే మంత్రిగా, వాతావరణ శాఖ తమ నాయకుడికే వచ్చింది, 2019లో జీరో కార్బన్ చట్టమూ వచ్చింది. సీట్లు 2020లో 10, 2023లో 15 అయ్యాయి. నా ఓటు ఈ పద్ధతికే. దీనికీ ఒక లోటుంది: మంత్రివర్గంలో కూర్చోనివాడికి మిగతా శాఖల ఫైళ్లు సులువుగా కనపడవు.

ఏ పద్ధతైనా ఒప్పందంలో 'కృషి చేస్తాం' అన్న మాట రాయనివ్వకండి. ఏ చట్టం, ఏ సంవత్సరం, ఎంత డబ్బు, ఎవరి శాఖ అన్నవి ఉండాలి. పొత్తుకు ముందు సభ్యులతో ఓటు వేయించాలి. ఐర్లాండ్ గ్రీన్స్ నియమం ప్రకారం మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి.

అసెంబ్లీకి నిలబడాలంటే 25 ఏళ్లు నిండాలి, కార్పొరేటర్‌కు 21 చాలు. మన నగరంలో 64 డివిజన్లున్నాయి. వరద నీళ్లు నిలిచిన సింగ్‌నగర్ వైపు రెండు మూడు డివిజన్ల ఓటరు జాబితాలు తెచ్చుకుని చదవడం మొదలుపెట్టండి.

మీ
తాతయ్య