ఉప్పుకీ ఇన్సులిన్‌కీ మధ్యలో కిడ్నీ

ఉప్పు అనగానే బీపీ గుర్తొస్తుంది, షుగర్ గుర్తురాదు. ఉప్పులో చక్కెర లేదు, కేలరీలూ లేవు. అయినా ఇన్సులిన్‌తో దానికి సంబంధం ఉంది, అదీ కిడ్నీల మీదుగా.

రక్తంలోని గ్లూకోజు కండరాల్లోకి చేరేలా చూడటం ఇన్సులిన్ పని అని చాలామందికి తెలుసు. దానికి ఇంకో పని కూడా ఉంది. మూత్రంలో పోవలసిన సోడియాన్ని (ఉప్పులో ఉండేది ఇదే) వెనక్కి తీసుకోమని కిడ్నీలకు చెబుతుంది. ఇన్సులిన్ నిరోధకత ఉన్నవాళ్లలో కండరాలు దాని మాట సరిగ్గా వినవు. దాంతో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. కిడ్నీలు మాత్రం చాలావరకు మామూలుగానే వింటాయి కాబట్టి ఒంట్లో సోడియం, దాని వెంట నీరు నిలిచి బీపీ పెరుగుతుంది. షుగర్, బీపీ తరచూ జంటగా రావడానికి ఇదొక కారణం.

అలాగైతే ఉప్పు బాగా తగ్గిస్తే ఇన్సులిన్ పనితీరు మెరుగుపడాలి కదా? చిక్కంతా ఇక్కడే. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో 152 మంది ఆరోగ్యవంతులకు ఒక వారం బాగా తక్కువ ఉప్పుతో, మరో వారం ఎక్కువ ఉప్పుతో భోజనం పెట్టారు. తక్కువ ఉప్పు తిన్న వారంలోనే నిరోధకత ఎక్కువగా కనిపించింది! సోడియం తగ్గగానే కిడ్నీలు రెనిన్ అనే ఎంజైమును వదులుతాయి. దానివల్ల యాంజియోటెన్సిన్-2, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్లు పెరుగుతాయి. ఉన్న ఉప్పును కాపాడుకుని, బీపీ పడిపోకుండా చూసుకోవడానికి శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. కాకపోతే ఈ యాంజియోటెన్సిన్-2 కణాల్లో ఇన్సులిన్ సంకేతానికి అడ్డుపడుతుంది.

దీన్ని పట్టుకుని ‘ఉప్పు మానితే షుగర్ వస్తుంది’ అనడం మాత్రం అతి. ఆ ప్రయోగంలో తక్కువ అంటే రోజుకు గ్రామున్నరకు మించని ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాముల లోపు. ఎనిమిది, పది గ్రాములు తినే మనిషి ఐదుకు దిగడం వేరు, ఒక్కసారిగా గ్రామున్నరకు పడిపోవడం వేరు. పైగా వారంలో కనిపించిన మార్పు ఏళ్ల తరబడి అలాగే ఉంటుందని ఆ ప్రయోగం చెప్పలేదు. అటు ఎక్కువ ఉప్పుదీ తప్పు లేదనలేం: ఉప్పు దట్టించిన మేత పెట్టిన ఎలుకల్లోనూ ఇన్సులిన్ నిరోధకత కనిపించింది.

షుగర్, బీపీ రెండూ ఉన్నవాళ్లకు డాక్టర్లు తరచూ రాసే రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి మందులు పనిచేసేది ఈ యాంజియోటెన్సిన్ మీదే. ఇవి వాడేవాళ్లు ‘లో సోడియం’ ఉప్పుకు మారేముందు డాక్టరును అడగాలి. అందులో సోడియానికి బదులు సాధారణంగా పొటాషియం కలుపుతారు, ఈ మందులతో రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు.