పురుగును కొలిచాకే మందు

“రాత్రికి రాత్రే తినేసింది సార్. నిన్న సాయంత్రం నీళ్లు పట్టినప్పుడు బాగనే ఉండె.” లాన్‌లో గడ్డి ఆకు కొరికి తినే కత్తెర పురుగు పడిన ఇంట్లో ఎవరిని కదిపినా ఇదే మాట. అనంతపురంలో లాన్ పెంచడమంటే మాటలు కాదు. ఏడాదికి అటూ ఇటుగా 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో పోసి రెండు సెంట్ల పచ్చదనం నిలబెట్టుకుంటే, తెల్లారేసరికి అది గోధుమ రంగుకు తిరిగిందంటే ఎవరికైనా టెన్షనే. వెంటనే బండి తీసి మందుల షాపుకు పరుగెత్తడం, షాపాయన చేతికిచ్చిన డబ్బా తెచ్చి మిట్టమధ్యాహ్నం ఎండలోనే కొట్టేయడం మామూలే. ఆ పరుగుకు ముందు చేయాల్సిన పని ఒకటుంది. నాలుగైదు పురుగుల్ని ఏరి, పిల్లల స్కేలు పక్కన పెట్టి ఎంత పొడవున్నాయో చూడాలి.

గుడ్డులోంచి అప్పుడే బయటపడిన పిల్ల పురుగు 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అక్కడి నుంచి కుబుసం విడుస్తూ ఆరు దశలు దాటుతుంది. మూడో దశలో 6 మిల్లీమీటర్లు, నాలుగో దశలో 10, చివరి దశకు 34 దాకా పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర దీనికంతా కలిపి రెండు వారాలు పడుతుంది, వేడి పెరిగితే ఇంకా తొందరగానే అయిపోతుంది. ఇక తిండి లెక్క చూడండి. ఒక పురుగు తన మొత్తం ఎదుగుదలలో తినే ఆకును నూరు పాళ్లు అనుకుంటే, మొదటి మూడు దశలూ కలిపి తినేది రెండు పాళ్ల లోపే. నాలుగో దశలో 4.7, ఐదో దశలో 16.3, చివరి దశ ఒక్కదాంట్లోనే 77.2. ఆ చివరి దశ ఉండేది మూడు నాలుగు రోజులు.

కాబట్టి రాత్రికి రాత్రే జరిగిందేమీ లేదు. పది రోజులుగా వందల కొద్దీ పురుగులు ఆ గడ్డిలోనే ఉన్నాయి, రోజూ మనం వాటి మీదే నడిచాం. అవి ఆకు పైపొర గీకి తింటున్నప్పుడు గరికపోచల మీద సన్నటి తెల్ల చారలు పడి ఉంటాయి, కానీ నిలబడి చూసేవాళ్లకు అవి ఆనవు. నష్టం మన కంటికి కనబడే రోజుకు పురుగు పని ముప్పావు వంతు అయిపోయి ఉంటుంది. ఇంకో రెండు రోజులకు అది తనంతట తానే తినడం మానేసి, రెండు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల లోతున నేలలోకి దిగి, రెక్కల పురుగుగా మారడానికి ముందుండే కదలని దశ, అంటే ప్యూపాగా మారిపోతుంది. నిండుగా ఎదిగిన పురుగుల మీద వెయ్యి రూపాయల మందు కొట్టి, మూడో రోజు పురుగు కనబడకపోతే “భలే పనిచేసింది” అనుకునేవాళ్లు చాలామంది. అందులో మందు గొప్ప ఎంతో, పురుగు వేళకు నేలలోకి దిగడం ఎంతో తేల్చడం కష్టం.

ఈ పురుగు మనది కాదు. అమెరికా ఖండాల్లో పుట్టి పెరిగింది, 2016లో పశ్చిమ ఆఫ్రికాలో కనబడింది, 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మొక్కజొన్నలో దొరికింది. అదే ఏడాది మన రాష్ట్రంలోకీ వచ్చేసింది. రెక్కల పురుగు గాలి వాటంగా ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్లు పోగలదు, దానికి శివమొగ్గ నుంచి రాయలసీమ ఎంత దూరం! కర్నూలు, నంద్యాల వైపు మొక్కజొన్న రైతుకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. టౌన్లో ఉండేవాళ్లకు తెలియనిది ఏమిటంటే, ఈ ఒక్క పురుగులోనే రెండు తెగలున్నాయి. ఒకటి మొక్కజొన్న మీద మోజు పడేది, రెండోది వరి, గరిక లాంటి సన్నగడ్డి మీద వాలేది. అమెరికాలో ఇళ్ల ముందరి లాన్లను ఊళ్లకు ఊళ్లు ఎండబెట్టిన చరిత్ర దీనిది. 2021లో అక్కడ వచ్చిన ఉధృతి ఈ మధ్య కాలంలో పెద్దది. వానలు ఆలస్యమై చుట్టుపక్కల గడ్డంతా ఎండిన సీజన్‌లో, రోజూ నీళ్లు తాగే లేత లాన్ ఒక్కటే పచ్చగా ఉంటే తల్లి పురుగు ఇంకెక్కడికి పోతుంది?

అయితే ఎండిన ప్రతి లాన్‌లోనూ కత్తెర పురుగే ఉండాలని లేదు. గడ్డిని పిడికెడు పట్టి లాగండి. చాపలాగా ఊడి వచ్చి కింద వేర్లు లేకపోతే, అది వేరుశనగ రైతులకు బాగా తెలిసిన వేరు పురుగు పని. వేర్లు గట్టిగా ఉండి, ఆకులు మాత్రం కొరికేసినట్టు ఉండి, మొదళ్లలో పచ్చటి లద్దెలు గింజల్లా రాలి ఉంటే లద్దె పురుగుల కుటుంబంలోదే ఏదో పడిందని అర్థం. ఆకు ఆకుగానే ఉండి ముడుచుకుని ఎండితే నీళ్లు చాలలేదంతే. ఇంకా అనుమానం ఉంటే నాలుగు లీటర్ల నీళ్లలో రెండు పెద్ద చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, పచ్చగడ్డి ఎండుగడ్డి కలిసే అంచున ఒక చదరపు గజం మేర పోయండి. కొద్ది నిమిషాల్లో లోపల దాక్కున్నవన్నీ మెలికలు తిరుగుతూ పైకి వస్తాయి. పగటిపూట అవి మొదళ్లలో దాక్కుంటాయి కాబట్టి ఊరికే చూస్తే దొరకవు. గోరింకలు, కొంగలు మన మనుషుల్ని కూడా లెక్కచేయకుండా లాన్‌లో దిగి పొడుస్తున్నాయంటే ఈ పరీక్ష కూడా అక్కర్లేదు.

పైకి వచ్చినదాన్ని భూతద్దంతోనో ఫోన్ కెమెరాతోనో దగ్గరగా చూడండి. తల మీద తిరగేసిన ‘వై’ ఆకారంలో తెల్లటి గీత, తోకకు కాస్త ముందు నలుచదరంగా నాలుగు నల్లచుక్కలు ఉంటే అది కత్తెర పురుగు. ఒళ్లంతా ఎర్రటి నూగుతో ఉండేది మన పాత శత్రువు ఎర్ర గొంగళి. దానిది వేరే కథ. తొలకరి వాన పడగానే నేలలోంచి రెక్కల పురుగులు లేస్తాయి, వాటికోసమే చేల గట్ల మీద మంటలు వేసేది. కత్తెర పురుగుకు అలా నేలలో నెలల తరబడి నిద్రపోయే అలవాటు లేదు. మన వాతావరణంలో మేత దొరికితే ఏడాది పొడవునా తరం వెంట తరం వస్తూనే ఉంటుంది.

ఇప్పుడు స్కేలు దగ్గరికి వద్దాం. పురుగులు ఎక్కువ భాగం సెంటీమీటరు లోపే ఉంటే మీరు అదృష్టవంతులు, తేలికపాటి మందులే సరిపోతాయి. బీటీ పొడి లీటరుకు 2 గ్రాములు, లేదా 1500 పీపీఎం వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు. బీటీ అనేది నేలలో దొరికే ఒక బ్యాక్టీరియా. దాని లోపలి ప్రొటీన్ స్ఫటికం పురుగు పేగులోని క్షారగుణానికి కరిగి, పేగు గోడకు తూట్లు పొడుస్తుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం కాబట్టి మనకు, కుక్కపిల్లకు ఆ భయం లేదు. ఎండ తగిలితే దాని బలం తగ్గిపోతుంది, పురుగు తినేదీ రాత్రే, అందుకే సాయంత్రం పొద్దు వాలాకే కొట్టాలి. పురుగు దాన్ని తినాలి, తిన్నాక ఒకటి రెండు రోజులు పడుతుంది. పొద్దునకల్లా చావలేదని ఇంకో మందు తెచ్చి కలపొద్దు.

ఒకటి నుంచి రెండున్నర సెంటీమీటర్ల మధ్య ఉండి, సంఖ్య కూడా ఎక్కువగా ఉంటే రసాయనం గురించి ఆలోచించవచ్చు. పశువుల మేత గడ్డికి చదరపు అడుగుకు రెండు మూడు పురుగులు దాటితే కొట్టమని అమెరికా విశ్వవిద్యాలయాలు చెబుతాయి, ఇంటి లాన్‌కూ ఆ కొలత పనికొస్తుంది. క్లోరాంట్రానిలిప్రోల్ అనే మందు లీటరుకు 0.4 మిల్లీలీటర్లు. ఇది పురుగు కండరాల్లోని కాల్షియాన్ని అదుపు తప్పేలా చేస్తుంది, పురుగు గంటల్లోనే తిండి మానేస్తుంది. తేనెటీగలకు మిగతావాటికన్నా దీనివల్ల హాని తక్కువ. పొలంలో ఎకరాకు 200 లీటర్ల ద్రావణం లెక్క, అంటే సెంటుకు 2 లీటర్లు. రెండు సెంట్ల లాన్‌కు కావలసిన మందు 1.6 మిల్లీలీటర్లే, ఇంజెక్షన్ సిరంజితో కొలవాల్సినంత! “కొంచెం ఎక్కువ పడితే ఏమైతుందిలే” అని మూత నిండా పోసేది ఇక్కడే. ముందురోజు గడ్డి కత్తిరించుకోవాలి, కొట్టాక ఒక రోజంతా నీళ్లు పట్టకూడదు, తడి ఆరేదాకా పిల్లల్ని దిగనివ్వకూడదు. లాన్ పక్కనే కరివేపాకు, తులసి ఉంటే గోనెపట్ట కప్పండి, అందరూ మరిచేది అదే. తవుడు, బెల్లం, మందు కలిపిన విషపు ఎర మొక్కజొన్న సుడిలో వేయడానికి బాగుంటుంది గానీ, కుక్కలు, పిల్లలు తిరిగే ఇంటి ముందు దాని ఊసే వద్దు.

మూడు సెంటీమీటర్లు దాటిన పురుగులే కనబడితే? నా సలహా అయితే డబ్బులు జేబులో పెట్టుకోమనే. చేత్తో ఏరగలిగినన్ని ఏరి సబ్బు నీళ్లలో వేయండి, గోరింకల్ని తరమకండి. చచ్చి తెల్లటి బూజు పట్టిన పురుగులు, గడ్డిపోచకు తలకిందులుగా వేలాడే పురుగులు కనబడితే వాటిని తీసేయకండి. మొదటివి శిలీంధ్రం సోకినవి, రెండోవి వైరస్ సోకినవి. మిగతావాటికీ ఆ జబ్బు అంటుకుంటే మనకే మంచిది. ఇక గరిక సంగతంటారా, పురుగు తినేది ఆకునే. నేలబారున పాకే తీగా, లోపలి దుంపవేరూ బతికే ఉంటాయి. లోతుగా రెండు మూడు తడులిస్తే రెండు మూడు వారాల్లో మళ్లీ చిగురిస్తుంది. కొరియన్ గడ్డి అంత తొందరగా కోలుకోదు. నర్సరీ నుంచి తెచ్చి కొత్తగా పరిచిన గడ్డి అయితే వేరు పట్టలేదు కాబట్టి అసలు ప్రమాదం దానికే, దాని విషయంలో మాత్రం నేనూ ఇంత నిదానంగా ఉండను.

అసలు చూడాల్సింది గడ్డిలో కాదు, గోడ మీద. తల్లి పురుగు ఒక్కోసారి నూరు నుంచి రెండొందల గుడ్లు ముద్దగా పెట్టి, తన పొట్ట మీది నూగుతో కప్పుతుంది. లాన్‌లో అయితే ఆ ముద్దల్ని గడ్డి మీదకన్నా చుట్టూ ఉన్న లేత రంగు వస్తువుల మీదే ఎక్కువగా పెడుతుంది. సున్నం వేసిన కాంపౌండ్ గోడ, గేటు స్తంభం, వరండా లైటు చుట్టుపక్కల, కిటికీ చట్రం కింద వెతకండి. వేలి గోరంత బూడిదరంగు దూది మరకలా ఉంటుంది. రెండు మూడు రోజుల్లో పొదిగి, పిల్లలు సన్నటి పట్టుదారం పట్టుకుని గడ్డిలోకి జారతాయి. బయట తెల్ల ఎల్‌ఈడీ తీసి పసుపు బల్బు పెడితే రెక్కల పురుగుల రాక తగ్గుతుంది. మొత్తం తరం తిరగడానికి సుమారు నెల రోజులు, కాబట్టి ఈసారి మందు కొట్టినా కొట్టకపోయినా, నాలుగో వారంలో టార్చి పట్టుకుని గోడంతా ఒకసారి చూడండి. ముద్ద దొరికితే పాత బ్లేడుతో గీకి సబ్బు నీళ్ల డబ్బాలో వేస్తే నూరు రెండొందల పురుగులు అక్కడికక్కడే అయిపోతాయి.