గడ్డి గోడకు నిప్పు కన్నా నీళ్లే పగ

కర్నూలు దగ్గర, కేసీ కాలువ కింద ఒక వరి పొలంలో ఇంజనీరింగ్ పిల్లలు గడ్డితో గది కడుతున్నారు. పది అడుగులకు పన్నెండు. గుడిసె అనుకునేరు, కాదు. ఇక్కడ గోడే గడ్డి. కోత మిషన్ వదిలేసిన వరిగడ్డిని బేలర్ బిగించి కట్టలు కడుతుంది కదా, వాటినే ఇటుకల్లా అతుకులు కలవకుండా పేర్చి, వెదురు బద్దలు దిగ్గొట్టి, రెండు వైపులా మట్టి మెత్తుతారు. కప్పు బరువు గుంజలు మోస్తాయి.

అంటుకోదా అని నేనూ అడిగాను. పాత పంచాంగాన్ని ఆకు ఆకుగా చింపి అగ్గిపుల్ల చూపిస్తే నిమిషంలో బూడిద. మూసినది మూసినట్టే పొయ్యిలో పెడితే అంచులు నల్లబడతాయి కానీ లోపలి ఆకులు చాలాసేపు అంటుకోవు, గాలి అందదు కాబట్టి. బిగించిన కట్ట కూడా అంతే. 2006లో అమెరికాలో కొలిమి పెట్టి పరీక్షిస్తే మట్టి పూసిన గోడ గంటసేపు, సిమెంటు, సున్నం కలిపి పూసిన గోడ రెండు గంటలు తట్టుకున్నాయి. ప్రమాదమల్లా పని జరిగేటప్పుడు నేలమీద రాలిన విడిగడ్డితోనే. అందుకే అక్కడ బీడీ ముట్టించనివ్వరు.

ఈ పద్ధతి అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో పుట్టింది. అక్కడి ఇసుక దిబ్బల్లో కలప లేదు. 19వ శతాబ్దం చివర్లో గడ్డి కట్టే యంత్రాలు రాగానే జనం ఆ కట్టలతోనే ఇళ్లు లేపారు. ఆర్థర్ అనే ఊళ్లో 1928 నాటి గడ్డి చర్చి ఇప్పటికీ ఉంది.

గడ్డిలో చిక్కుకున్న గాలి కదలదు, అందుకే వేడి దాటదు. ఒకే మందం ఇటుకతో పోలిస్తే సుమారు పది రెట్లు మేలు. అయితే పైన రేకులేస్తే మే నెలలో ఈ గోడ గొప్పతనమంతా కప్పులోంచే పోతుంది.

అసలు శత్రువు నీళ్లు. గడ్డిలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిస్తే బూజు, కుళ్లు మొదలవుతాయి. అందుకే అడుగున అడుగున్నర ఎత్తు రాతికట్టు, దానిపైన కడప బండలు, పైన బాగా ముందుకొచ్చిన చూరు. పూత సిమెంటుదైతే పగుళ్లలోంచి దూరిన నీళ్లు బయటికి రాలేవు. మట్టిపూత ఆ తేమను మెల్లగా వదిలేస్తుంది.

ఒక రాత్రి వాన కొట్టి అడుగు వరుస తడిసింది. పిల్లలు తేమ కొలిచే మీటరు తెచ్చేలోపే పొలం పెద్దాయన కట్టలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, "వెచ్చగుంది అబ్బీ, తీసేయండి" అన్నాడు. మీటరూ అదే చెప్పింది. తడిగడ్డిని తినే సూక్ష్మజీవులు పుట్టించే వేడి అది. జీవితమంతా వాములు వేసినాయనకు ఆ మాట ఒకరు చెప్పాలా?

చెదల గురించి, ఎలుకల గురించి ఆయన ఏమీ అడగలేదు. ఎన్ని కట్టలు పట్టాయని మాత్రం అడిగాడు. సుమారు 90, కట్ట 15 కిలోలు. ఆయన వేళ్లమీద లెక్కేసి, కాడి ఎద్దులకు రోజుకు 12 కిలోలనుకుంటే దగ్గరదగ్గర నాలుగు నెలల మేత అని తేల్చాడు. కాలువ కింద గడ్డి మిగిలే ఏడాది కాబట్టి సరే, అనంతపురంలో ఉండే తన వియ్యంకుడి ముందు మాత్రం ఈ మాట ఎత్తొద్దన్నాడు.