పదమూడు బుడ్డల వాటా

అనంతపురం

చిరంజీవులు మనవరాలికి, మనవడికి తాత ఆశీస్సులు.

మొన్న ఫోనులో పెద్దది అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేక, ఉత్తరం రాస్తానని తప్పించుకున్నాను. 2024లో మన రాష్ట్రంలో 39 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీకి 175లో 11 సీట్లే ఎలా వచ్చాయని కదా ప్రశ్న? 2019లో అదే 39 శాతం తెచ్చుకున్న ఇంకో పార్టీకి 23 వచ్చాయి. అప్పుడు వీళ్లు నవ్వారు, తర్వాత వాళ్లు నవ్వారు. ఆ నవ్వుల జోలికి నేను పోను. నూటికి 39 ఉన్నవాళ్ల పరిస్థితే ఇలా ఉంటే, నాలుగో అయిదో తెచ్చుకునే చిన్న పార్టీ గతి ఏమిటన్నదే నన్ను ఎప్పుడూ తొలిచే ప్రశ్న.

ఒక్కో నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లదే సీటు అనే మన పద్ధతిలో చిన్న పార్టీకి అసలు చిక్కు చిన్నదిగా ఉండటం కాదు, చెదిరి ఉండటం. 2009లో, ఉమ్మడి రాష్ట్రంలో, ప్రజారాజ్యానికి 16 శాతం పైగా ఓట్లు వచ్చినా 294లో 18 సీట్లే దక్కాయి. సుమారు 4 శాతం తెచ్చుకున్న టీఆర్‌ఎస్‌కు 10 వచ్చాయి. వాళ్ల ఓటు తెలంగాణలో ఒకచోట పోగుపడి ఉంది, పొత్తు కూడా కలిసివచ్చింది. ప్రజారాజ్యం ఓటు ఊరూరా కొంచెం కొంచెం పడింది. మన సీమ వానలాగా, జల్లు పడ్డట్టే ఉంది గానీ చెరువు నిండలేదు. ఓట్ల లెక్కనే సీట్లు పంచి ఉంటే వాళ్లకు 47 వచ్చేవి.

అలా పంచడాన్నే దామాషా పద్ధతి అంటారు. పేరు వినగానే చిన్నవాళ్లకు ఇక దిగులు లేదనిపిస్తుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

నిన్న సాయంత్రం మీ అవ్వ వేరుశెనగ బుడ్డలు ఉడకబెట్టింది. తినకముందే నూరు లెక్కపెట్టి మిద్దె మీద మూడు కుప్పలు పోశాను. ఒక బడిలో నూరుమంది పిల్లలు, అయిదు సెక్షన్లు, కమిటీలో అయిదు సీట్లు అనుకోండి. కబడ్డీ జట్టుకు 59 ఓట్లు, క్రికెట్ జట్టుకు 28, చదరంగం వాళ్లకు 13. సెక్షన్‌కు ఒక సీటు చొప్పున మన పద్ధతిలో పెడితే, ప్రతి సెక్షన్‌లోనూ కబడ్డీ వాళ్లే ముందుండి అయిదుకు అయిదూ పట్టుకుపోవచ్చు. సరే, దామాషాలో పంచుదాం. 59ని అయిదు సీట్ల లెక్కన చూస్తే 2.95 వస్తుంది. కుర్చీని ముక్కలు కోయలేం కదా, అక్కడే పేచీ.

బెల్జియంకు చెందిన విక్టర్ డోంట్ చెప్పిన దారి ఇది: ప్రతి కుప్పనూ 1తో, 2తో, 3తో, 4తో వరసగా భాగించి, వచ్చిన అంకెల్లో పెద్దవి అయిదు ఏరాలి. 59, 29.5, 28, 19.67, 14.75. ఇందులో 28 ఒక్కటే క్రికెట్ వాళ్లది, మిగిలినవన్నీ కబడ్డీవే. అంటే 4, 1, సున్నా. చదరంగం 13 వాకిట్లోనే నిలబడిపోయింది. ఫ్రాన్స్ గణితవేత్త సాంత్-లాగ్ చెప్పినట్టు 1, 3, 5తో భాగిస్తే ఏరినవి 59, 28, 19.67, 13, 11.8 అవుతాయి. ఈసారి 3, 1, 1. ఓట్లు అవే, బుడ్డలు అవే. భాగించే అంకెలు మారితే చదరంగం వాళ్లకు కుర్చీ దొరికింది. జర్మనీ, న్యూజిలాండ్ ఈ రెండో దారిలో నడుస్తున్నాయి. స్పెయిన్, టర్కీ మొదటి దారిలో. నేను రెండోసారి భాగిస్తుండగా మీ అవ్వ ఒక కుప్ప సగం తినేసింది.

పంచే సీట్లు ఎన్ననేది కూడా ముఖ్యమే. నెదర్లాండ్స్‌లో 150 సీట్లను దేశమంతా ఒకే కుప్పగా పంచుతారు కాబట్టి నూటికి ఒక ఓటు కూడా అక్కర్లేదు, 0.67 శాతం చాలు. జంతువుల హక్కుల కోసం పుట్టిన పార్టీ ఒకటి 2006లో అక్కడ పార్లమెంటులో అడుగుపెట్టింది. మన రాజ్యసభ ఎన్నికలూ దామాషావే, కానీ 175 మంది ఎమ్మెల్యేలు ఒకేసారి ముగ్గురిని ఎన్నుకోవాలంటే ఒక సీటు ఖాయం కావడానికి 44 మంది కావాలి, అంతమంది నాలుగో మనిషికి దొరకరు కాబట్టి. దామాషా అన్న పేరుంది గానీ 11 మంది ఉన్నవాళ్లకు అందులో ఒరిగేదేమీ లేదు.

ఇంకొకటి కటాఫ్. మీ ప్రవేశ పరీక్షల్లో ఉన్నట్టే పార్టీలకూ ఉంటుంది. జర్మనీలో 5 శాతం. ఒకప్పుడు అక్కడ అలాంటి గీత లేక సభ నిండా చిన్న పార్టీలు చేరి ప్రభుత్వాలు కూలిపోయాయన్న భయంతో, యుద్ధం తర్వాత దాన్ని పెట్టుకున్నారు. భయం నిజమైనదే. కానీ 2025లో ఒక కొత్త పార్టీ 4.98 శాతం దగ్గర ఆగిపోయింది. నాలుగు కోట్ల తొంభై లక్షలకు పైగా ఓట్లు పోలైన చోట పదివేల లోపు ఓట్ల తేడాతో ఒక్క సీటూ రాలేదు. ఆ గీతను మరీ పైకి ఎత్తితే ఏమవుతుందో టర్కీ చూపించింది. అక్కడ 10 శాతం గీత ఉండగా, 2002లో నూటికి 45కు పైగా ఓట్లు ఏ పార్టీకీ సీటు ఇవ్వకుండా పోయాయి. 34 శాతం వచ్చిన పార్టీ 550లో 363 సీట్లు పట్టుకుపోయింది. అది దామాషా అంటే మన గ్రామ పంచాయతీ సభ్యులు కూడా ఒప్పుకోరు. 2022లో దాన్ని 7కు దించారు.

న్యూజిలాండ్‌లో ఇంకా విచిత్రం. అక్కడ 5 శాతం రావాలి, లేదా ఒక నియోజకవర్గంలో నేరుగా గెలవాలి. 2008లో 4 శాతం దాటిన న్యూజిలాండ్ ఫస్ట్ అనే పార్టీకి సున్నా. 3.65 శాతం వచ్చిన యాక్ట్ పార్టీ ఎప్సమ్ అనే ఒక్క చోట గెలిచినందుకు 5 సీట్లు. చూశారా, చెదిరిన ఓటు, పోగుపడ్డ ఓటు అన్న మన పాత కథే దొడ్డిదారిన మళ్లీ వచ్చింది.

లోపలికి వెళ్లినంత మాత్రాన గండం గట్టెక్కదు. అదే న్యూజిలాండ్ ఫస్ట్ 2017లో 9 సీట్లతో ఎవరు ప్రధాని కావాలో తేల్చింది. ఎక్కువ సీట్లున్న నేషనల్ పార్టీని కాదని లేబర్ వైపు మొగ్గింది. 2020లో ఓటర్లు మళ్లీ బయటికి పంపారు. జర్మనీలో ఫ్రీ డెమోక్రాట్లు 2009లో 14.6 శాతం తెచ్చుకుని పెద్ద పార్టీతో కలిసి ప్రభుత్వంలో కూర్చున్నారు. 2013లో 4.8. 1949 తర్వాత మొదటిసారి సభకే దూరమయ్యారు. మంచి జరిగితే పెద్దన్న పేరు, చెడు జరిగితే తమ్ముడి మీద నింద. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాణ్ణి, నాకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

మన దేశానికీ దామాషా కావాలని 1949 జనవరిలో రాజ్యాంగ సభలో అడిగినవాళ్లున్నారు. చదువురానివాళ్లు ఎక్కువగా ఉన్న దేశంలో అది కుదరదని, ప్రభుత్వాలు నిలబడవని అంబేడ్కర్ కాదన్నారు. నిలకడ గురించి ఆయన భయపడింది సబబే. చదువు సంగతి మాత్రం ఇప్పుడు మారింది. 2023లో మన పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల ఎన్నికలో, ఓటరే అభ్యర్థులకు 1, 2, 3 అని వరస అంకెలు వేసే చోట, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితే గానీ ఫలితం తేలలేదు.

ప్రాధాన్య ఓటు అనగానే నాకు ఇల్లూరు గుర్తొస్తుంది. మన జిల్లాలోని ఆ ఊళ్లో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1969లో రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. మొదటి లెక్కలో వి.వి. గిరికి 4,01,515, నీలానికి 3,13,548. ఎవరూ సగం దాటలేదు. మూడో స్థానంలో ఉన్న దేశ్‌ముఖ్‌కు లక్షా పన్నెండు వేలు. ఆయన్ను, వెనకాల ఉన్నవాళ్లను పక్కన పెట్టి వాళ్ల ఓట్లు బదిలీ చేస్తే ఎక్కువ భాగం మనవాడికే వచ్చాయి. అయినా గిరికి 4,20,077, నీలానికి 4,05,427 దగ్గర లెక్క ఆగింది. ఉన్న కుర్చీ ఒక్కటే అయితే దామాషా ఎక్కడిదని లెక్కల మేష్టారుగా నాకు ఇప్పటికీ అనుమానమే. రాజ్యాంగంలో మాత్రం ఆ మాటే రాసుంది.

మీకు ఒక లెక్క. క్రికెట్ కుప్పలోంచి రెండు బుడ్డలు తీసి చదరంగం కుప్పలో వేయండి. అంటే 59, 26, 15. మొదటి దారిలోనే, 1, 2, 3, 4తో భాగించి చూడండి. ఏమొచ్చిందో దసరా సెలవులకు వచ్చినప్పుడు చెబుదురు గానీ. బుడ్డలు తినకముందే లెక్కపెట్టండి.

మీ తాత