నల్లగొండ 480 మంది: డిపాజిట్ పెంపు వెనుక అసలు కథ

ఫలానా నియోజకవర్గంలో వందల నామినేషన్లు వేస్తామని బాధితులెవరైనా ప్రకటించగానే రెండు డిమాండ్లు లేస్తాయి. లోక్‌సభ డిపాజిట్ ఇప్పుడున్న రూ.25 వేల నుంచి ఇంకా పెంచాలన్నది ఒకటి, అసలు స్వతంత్రుల పోటీనే ఆపాలన్నది రెండోది. ఆ మాటలు మళ్లీ వినిపిస్తున్నాయి కాబట్టి, ఈ నిబంధనలు ఎవరిని చూసి పుట్టాయో తెలుసుకోవాలి.

నల్లగొండ ఫ్లోరైడ్ గోస తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. లీటరు తాగునీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు బోర్లలో ఎన్నో రెట్లు ఉండేది. నాగార్జునసాగర్ ఉన్న జిల్లాలోనే కృష్ణా నీళ్లు గొంతు తడపలేదు. ధర్నాలు, పాదయాత్రలు, ఢిల్లీ ప్రయాణాలు అన్నీ అయ్యాకే జల సాధన సమితి ఎన్నికల దారి పట్టింది. దాని నాయకుడు దుశర్ల సత్యనారాయణ బ్యాంకు ఉద్యోగం వదులుకుని ఈ పోరాటంలోకి వచ్చిన మనిషి.

1996 లోక్‌సభ ఎన్నికల నాటికి డిపాజిట్ రూ.500, ఎస్సీ, ఎస్టీలకు రూ.250. అది 1951 చట్టంలో పెట్టిన మొత్తమే. నలభై అయిదేళ్లలో రూపాయి విలువ ఎంత పడిపోయినా దాన్ని ముట్టుకోలేదు. స్వతంత్ర అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే సరిపోయేది. అలా నల్లగొండ బరిలో చివరికి 480 మంది మిగిలారు. అందరి డిపాజిట్లూ కలిపినా రూ.2.40 లక్షలు దాటవు.

అసలు దెబ్బ బ్యాలెట్ పేపర్ మీద పడింది. అప్పటి నిబంధన ప్రకారం పేర్లన్నీ అక్షర క్రమంలో రావాలి. పార్టీ అభ్యర్థి, స్వతంత్రుడు అన్న తేడా లేదు. 480 పేర్లు, 480 గుర్తులు ఒక కాగితంలో పట్టక బ్యాలెట్ పుస్తకమైంది. పెద్ద పార్టీ గుర్తు కోసం కూడా ఓటరు పేజీలు తిప్పాల్సిందే. ముద్రణ, పెట్టెలు, లెక్కింపు ఏర్పాట్లు తలకిందులై పోలింగ్ వాయిదా పడింది. చివరికి సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు రానివాళ్లకు డిపాజిట్ తిరిగి రాదు. బరిలో ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ అదే జరిగింది.

వాళ్లను ఓడిపోయినవాళ్ల లెక్కలో వేయడం తేలిక. కానీ వాళ్లెవరూ ఎంపీ పదవి కోసం నిలబడలేదు. తాగునీటి సమస్యను దేశం ముందు పెట్టడానికి చట్టం ఇచ్చిన దారుల్లో తమకు అందుబాటులో ఉన్నదాన్ని వాడుకున్నారు. అదే ఏడాది బెళగావిలో సరిహద్దు వివాదం మీద 456 మంది లోక్‌సభకు, తమిళనాడులోని మొడకురిచ్చిలో 1,033 మంది అసెంబ్లీకి నిలబడ్డారు. ఊరు వేరు, బాధ వేరు, పద్ధతి ఒక్కటే.

కొత్త ప్రభుత్వం వచ్చాక పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించింది. 1996 ఆగస్టు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. లోక్‌సభ డిపాజిట్ ఒక్కసారిగా ఇరవై రెట్లు పెరిగి రూ.10 వేలైంది, ఎస్సీ, ఎస్టీలకు రూ.5 వేలు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, మిగతావాళ్లకు మాత్రం అదే నియోజకవర్గ ఓటర్లు పదిమంది కావాలి. మూడో మార్పు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, అసలు తేడా తెచ్చింది అదే. బ్యాలెట్‌లో పేర్లను మూడు వర్గాలుగా విడగొట్టారు. ముందు గుర్తింపు పార్టీలు, తర్వాత నమోదై గుర్తింపు లేని పార్టీలు, చివర స్వతంత్రులు. అక్షర క్రమం ఆ వర్గం లోపలే వర్తిస్తుంది.

ఆషామాషీ అభ్యర్థులను తగ్గించడానికే ఇదంతా అన్నది సమర్థకుల మాట. అంకెలు చూస్తే ఆ లక్ష్యం నెరవేరింది కూడా. 1996లో దేశమంతా 13,952 మంది పోటీ చేస్తే 1998లో 4,750 మందే మిగిలారు. నల్లగొండ బోర్లలో ఫ్లోరైడ్ మాత్రం ఆ సవరణతో తగ్గలేదు.

2010 ఫిబ్రవరి నుంచి డిపాజిట్ రూ.25 వేలైంది, ఎస్సీ, ఎస్టీలకు రూ.12,500. అదే ఏడాది తెలంగాణ ఉప ఎన్నికల్లో కొన్నిచోట్ల అభ్యర్థుల సంఖ్య అప్పటి ఈవీఎం పరిమితి 64ను దాటడంతో బ్యాలెట్ పేపరే వాడాల్సి వచ్చింది. డబ్బు అడ్డుగోడను జనం కలిసి దాటగలరని అక్కడ తేలింది. పెద్ద పరీక్ష 2019లో నిజామాబాద్‌లో వచ్చింది.

పసుపు పంట తవ్వకానికి రావడానికి తొమ్మిది నెలలు పడుతుంది. తవ్వాక ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి. అంతా చేసి యార్డుకు తెస్తే మద్దతు ధర అన్నదే లేదు. పసుపు క్వింటాలుకు రూ.15 వేలు, ఎర్రజొన్నకు రూ.3,500 ఇవ్వాలని, పసుపు బోర్డు పెట్టాలని రైతులు ఆర్మూర్ దగ్గర హైవే మీద కూర్చున్నారు. ఫలితం లేక నామినేషన్లకు దిగారు. బరిలో ఉన్న 185 మందిలో 178 మంది రైతులే. ఒక్కొక్కరికి పాతిక వేల లెక్కన రూ.44.5 లక్షలు.

ఈసారి కాగితం లేదు. ఎం3 రకం ఈవీఎంకు 24 బ్యాలెట్ యూనిట్ల వరకు కలపవచ్చు, ఒక్కో యూనిట్‌కు 16 బటన్లు. 185 మందికి నోటా కలిపితే 186, అంటే పోలింగ్ కేంద్రానికి 12 యూనిట్లు. వాటిని ఎల్ ఆకారంలో బల్లల మీద పేర్చారు. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనిపించాలి కాబట్టి, పోలింగ్‌కు ముందు జరిపే నమూనా ఓటింగ్ (మాక్ పోల్)లో ప్రతి బటన్ ఒక్కసారి నొక్కినా చీటీలకే 22 నిమిషాలు పడుతుంది. ఇంత శ్రమ పడి ఎన్నికల సంఘం పోలింగ్‌ను అనుకున్న రోజే జరిపించింది, దాన్ని తక్కువ చేయలేం.

అయితే 1996 సవరణ ప్రభావం ఆ బల్లల మీదే కనిపించింది. టీఆర్ఎస్, బీజేపీ, కాంగ్రెస్ గుర్తులన్నీ మొదటి యూనిట్‌లోనే ఉన్నాయి. ఆ తర్వాతి యూనిట్లన్నీ దాదాపుగా రైతులవే. నల్లగొండలో ప్రతి ఓటరూ బాధితుల పేర్లు దాటుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. నిజామాబాద్‌లో మొదటి యూనిట్ దగ్గరే పని ముగించుకుని బయటికి రావచ్చు.

2014లో లక్షన్నరకు పైగా ఆధిక్యంతో గెలిచిన టీఆర్ఎస్ అభ్యర్థి కవిత 70,875 ఓట్ల తేడాతో ఓడిపోయారు. బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చిన బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ గెలిచారు. ఐదు రోజుల్లో తెస్తానన్న బోర్డును ప్రధాని ప్రకటించేసరికి 2023 అక్టోబరు వచ్చింది. ఓడిన 178 మంది అడిగిన వాటిలో బోర్డు ఒకటి చేతికందింది, మద్దతు ధర అందలేదు.

ఆ రైతుల్లో కొందరు వారణాసికీ వెళ్లారు. పదిమంది ప్రతిపాదకుల నిబంధన ఎంత గట్టిదో అక్కడ అర్థమైంది. దేశంలో ఎక్కడి ఓటరైనా లోక్‌సభకు ఎక్కడినుంచైనా పోటీ చేయవచ్చు, ప్రతిపాదకులు మాత్రం స్థానికులై ఉండాలి. భాష రాని ఊళ్లో, ప్రధానికి ఎదురుగా సంతకం పెట్టే పదిమందిని వెతకాలి. ఓటరు జాబితాలో వాళ్ల వరుస సంఖ్యలు సరిపోవాలి, అఫిడవిట్‌లో ఒక్క గడీ ఖాళీ ఉండకూడదు, గడువులోగా ప్రమాణం చేయాలి. వాళ్లలో దాదాపు అందరి పత్రాలూ పరిశీలనలోనే తిరస్కరణకు గురయ్యాయి.

2015లో లా కమిషన్ 255వ నివేదిక స్వతంత్రుల పోటీని పూర్తిగా నిషేధించాలని సిఫారసు చేసింది. అది చట్టం కాలేదు. ఇప్పుడు డిపాజిట్ పెంచాలంటున్నవాళ్లు ఆ నివేదికను చూపిస్తున్నారు. నల్లగొండకు కృష్ణా నీళ్లు తేవాల్సిన ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం మాత్రం ఇంకా పూర్తికాలేదు. 2025 ఫిబ్రవరి 22న దాని పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు.

మూకుమ్మడి నామినేషన్లకు సిద్ధమయ్యేవాళ్లు డిపాజిట్ దగ్గరే ఆగిపోకూడదు. ప్రతి అభ్యర్థీ నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి లెక్కలు అప్పజెప్పాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే మూడేళ్ల అనర్హత పడవచ్చు. అందుకే నామినేషన్ రోజు వెంట ఉన్న సంఘమే ఫలితాల తర్వాతి నెలలోనూ ఒక్కొక్కరి రసీదులు పోగుచేసి, లెక్కలు రాయించి, సంతకాలు పెట్టించాలి.