పాఠాన్ని ఆపే చెయ్యి

తరగతి గోడకు బిగించే పెద్ద టచ్ తెరను ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్ అన్న పూర్తి పేరుతో స్టాఫ్ రూములో ఎవరూ అనరు. వట్టి ‘ప్యానెలే’. సర్కారు బడుల బాగుకు పెట్టిన నాడు–నేడు పథకం రెండో విడతలో, 2023లో, గోదావరి డెల్టా హైస్కూళ్ళ గోడలకూ ఎక్కింది. దానివల్ల చదువు వస్తుందా రాదా అన్న గొడవ మాత్రం పాతదే.

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. రేడియో పాఠంతో ఒకటే చిక్కు: వెనక బెంచీ వాడికి ఒక్క మాట జారిపోతే జారిపోయినట్టే, మాస్టారు ఆపలేరు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు సాగిన సైట్ (శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్) ప్రయోగం ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం మీదుగా టీవీ కార్యక్రమాలు పంపింది. బొమ్మ వచ్చింది గానీ ఆపే వీలు అప్పుడూ లేదు. కోవిడ్ ఏడాది సప్తగిరి ఛానెల్ పాఠాలదీ అదే కథ.

మధ్యలో 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ వచ్చింది. ప్రతి ప్రాథమిక బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, కాస్త బోధన సామగ్రి ఉండాలన్నది దాని లెక్క. అందులో కరెంటుతో నడిచేది పెద్దగా లేదు. అయినా నన్నడిగితే వీటన్నిటిలో పెద్ద మార్పు ఆ రెండో టీచరే. తర్వాత వచ్చిన కంప్యూటర్లు వేరే గదిలో, తాళం వెనక ఉండిపోయాయి. లెక్కల పీరియడ్‌కూ వాటికీ చుట్టరికమే కుదరలేదు.

ప్యానెల్‌కు ఆ రెండు లోపాలూ లేవు. తరగతి గదిలోనే ఉంటుంది, వేలు పెడితే ఆగుతుంది. కానీ టీచరు వీడియో పెట్టేసి రికార్డులు రాసుకుంటే అదీ రేడియోనే.

రాజోలు వైపు ఒక తొమ్మిదో తరగతి. ఉపగ్రహ చిత్రం ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరికి రాగానే టీచరమ్మ తెర ఆపేశారు. “ఇక్కణ్ణించి మన రాజోలు దాకా గోదారి ఎన్ని పాయలవుతుంది? నోట్సులో గీయండి. పక్కవాళ్ళది చూడొచ్చు, తేడా ఉంటే ఎందుకో అడగాలి.” సగం మంది గౌతమి, వశిష్ఠ గీసి, మధ్యలో రాజోలు పెట్టేశారు. “మరి వైనతేయ ఏదే?” అంది ఒక పిల్ల. రోజూ అది దాటే వస్తుంది మరి. పది నిమిషాలు గది సంతలా ఉంది. అప్పుడు చిత్రం కిందికి జరిపారు. వశిష్ఠలోంచి వైనతేయ చీలుతూ కనబడింది, రాజోలు ఆ రెండింటి నడుమ.

మూడో బెంచీలో ఎవరో రబ్బరు అడుగుతున్నారు.