రాజ్యాంగ ప్రతిలోని బొమ్మలు: అపోహలు - వాస్తవాలు

భారతీయ చిత్రకళా చరిత్ర బోధించే నాకు ప్రతి జనవరిలోనూ ఒకే వాట్సాప్ సందేశం ఎవరో ఒకరు పంపుతారు: రాజ్యాంగం మూలప్రతిలో శ్రీరాముని బొమ్మ ఉండేదని, కాబట్టి ఈ దేశం ఒకే మతం పునాదిగా ఏర్పడిందని, ఆ బొమ్మను తరువాతి ప్రభుత్వాలు గుట్టుగా తొలగించాయని.

ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా చేతిరాతతో, చిత్రకారుడు నందలాల్ బోస్ పర్యవేక్షణలో శాంతినికేతన్ కళాకారులు అలంకరించిన ఆ ప్రతి మీద రాజ్యాంగసభ సభ్యులు 1950 జనవరి 24న సంతకాలు చేశారు. ప్రాథమిక హక్కుల భాగానికి పైన సీతారామలక్ష్మణులు ఉన్న మాట నిజమే. ఇప్పటికీ ఉన్నారు, ఎవరూ తీసివేయలేదు. మనం దుకాణంలో కొనేది వచనం మాత్రమే అచ్చువేసిన పుస్తకం కనుక అందులో ఏ బొమ్మా కనిపించదు. ఆ ఒక్క పుటకే ఫొటో తీసి పంపేవారు మిగిలిన 21 భాగాలను ఎందుకు తిప్పి చూడరో నాకు అర్థం కాదు. సింధు ముద్రలోని వృషభంతో మొదలై గీతోపదేశం, బుద్ధుడు, మహావీరుడు, నటరాజు, అక్బరు, శివాజీ, గురు గోవింద్ సింగ్, టిప్పు సుల్తాన్, ఝాన్సీ లక్ష్మీబాయి, నౌఖాలీలో గాంధీ మీదుగా ఆ వరుస హిమాలయాలు, ఎడారి, సముద్రం వరకు సాగుతుంది. యౌవనంలో అజంతా కుడ్యచిత్రాలకు నకళ్లు తీసిన నందలాల్, కొత్త దేశం తన గతాన్ని ఎంత విశాలంగా తలచుకోవచ్చో ఆ వరుసలో చూపించారు. ఇక 1949 నవంబరు 26న సభ ఆమోదించినది అధికరణాలను, బొమ్మలను కాదు. పౌరుని మతస్వేచ్ఛకు ఆధారం 25వ అధికరణమే.

ఒకసారి తరగతి ముగిశాక ఒక ముస్లిం విద్యార్థిని, తమ వీధిలో ఈ సందేశం మీద జరిగిన వాదన చెప్పి, “అయితే అందులో మాకు చోటు లేనట్టేనా సార్?” అని నెమ్మదిగా అడిగింది. పద్నాలుగో భాగం మీద అక్బరును, పదహారో భాగం మీద టిప్పును చూపించాను. ఆ బొమ్మలు లేకపోయినా ఆమె హక్కు తగ్గేది కాదని, క్రైస్తవులకు విడిగా ఒక్క బొమ్మ కూడా లేకపోయినా వారి పౌరసత్వానికి ఏ లోటూ రాలేదని చెప్పాకగాని ఆమె ముఖం తేటపడలేదు.

ఇలాంటి అపోహలే జాతీయ జెండా, చిహ్నాల మీదా ఉన్నాయి. జెండాలో కాషాయం హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు గుర్తని పిల్లలకు చెప్పే ఉపాధ్యాయులు నేటికీ ఉన్నారు. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీకి చూపిన నమూనాలోని ఎరుపు, ఆకుపచ్చలకు ఆ అర్థం ఉండేది. కాని 1931లోనే కాంగ్రెసు జెండా రంగులకు మతపరమైన అర్థం లేదని తీర్మానించింది. మధ్యలోని చక్రం రాట్నం కాదు, సారనాథ్ స్తంభశీర్షం మీది ధర్మచక్రం. జాతీయ చిహ్నంలోని “సత్యమేవ జయతే” అశోకుని శాసన వాక్యమని కూడా కొందరు రాస్తుంటారు. సింహాలు అశోకునివే గాని, ఆ వాక్యం ముండకోపనిషత్తులోనిది.